చీరకో కిలో

బుల్లెమ్మ జిమ్ముకెళ్తోందన్న కబురు పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో పొద్దున్న తొమ్మిదింటికి పుట్టి, పదయ్యేసరికి చేపల రేవు దాటి, పదకొండుకల్లా ఐసు బండి దగ్గర నిలబడ్డ ఆవిడ కొడుకు బాబ్జీ చెవిన పడింది. మధ్యాహ్నానికి దానికి కాళ్ళూ చేతులూ వచ్చేశాయి. ఏదో పోటీకి పేరిచ్చిందట అన్నారొకరు. మతి చలించిందట అన్నారు ఇంకొకరు. అరవై నాలుగేళ్ళ మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు, అందులోనూ రెండేళ్ళుగా చేప ముట్టనిది, గుడ్డు ముట్టనిది, చివరికి టీలో పాలచుక్క కూడా పోసుకోనిది, ఇనప కడ్డీలు ఎత్తుతుందట! నవ్వరా మరి? కడుపు పట్టుకుని నవ్వారు.

చేప మానేసిన సంగతి ముందు చెప్పాలి. జంగ్లీఘాట్‌లో అది జిమ్ము కంటే పెద్ద వింత. ముప్పై నాలుగేళ్ళు ఆ రేవులోనే వంజరాలూ సొరలూ కోసి అమ్మిన మనిషి బుల్లెమ్మ. మొగుడు పోయాడు, కొడుకు బోట్లకి ఐసు తోలే కాంట్రాక్టు పట్టి నిలదొక్కుకున్నాడు, అప్పుడు ఒకరోజు కత్తిపీట శుభ్రంగా కడిగి గోడకి ఆనించి, "నా సేత్తో కోసింది సాలు. ఇంక నా నోటికొద్దు" అంది. ఏ స్వామీ చెప్పలేదు, ఏ రోగమూ రాలేదు. అంతే, చాలనిపించింది. చేప తర్వాత మాంసం పోయింది, గుడ్డు పోయింది. దూడ నోటి దగ్గరిది తనకెందుకని పాలు కూడా మానేసింది. "ఎలాగూ మనూళ్ళో సగం టీలు పొడిపాల టీలే, దానికన్నా నల్ల టీ నయం" అని తనే నవ్వేది.

కోడలు రాజకుమారి మొదట్లో బతిమాలింది, తర్వాత అలిగింది, ఆ తర్వాత రెండు పొయ్యిల మీద రెండు కూరలు వండడానికి అలవాటు పడింది. అదీ అయిపోయిందనుకుంటే ఇప్పుడు జిమ్ము.

"డాక్టరమ్మ ఎముకలు పల్సబడ్డాయంది, బరువులెత్తమంది" అని అడిగిన వాళ్ళందరికీ చెప్పింది బుల్లెమ్మ. అబద్ధమేం కాదు. బీ ట్వెల్వ్ బిళ్ళలు రాసిన రోజునే డాక్టరమ్మ ఆ మాట కూడా అంది. కానీ డాక్టర్లు చెప్పినవన్నీ చేసే మనిషే అయితే బుల్లెమ్మ పదేళ్ళ కిందటే ఊరగాయలో ఉప్పు తగ్గించేది. అసలు సంగతి పోర్ట్‌బ్లెయిర్‌లో లేదు. ఓడలో ఓ పూట దూరంలో, హట్‌బేలో ఉంది. దాని పేరు సీతాలు.

సీతాలూ బుల్లెమ్మా ఒకే ఏడు రేవులో తట్ట పట్టారు. చేపల తట్ట నెత్తికెక్కాక ఎవరైనా మోస్తారు. కింద నుంచి నెత్తి మీదకి రావడమే కష్టం, అది ఒక్క మనిషి వల్ల కాదు. రెండో మనిషి వచ్చి ఎదురుగా నిలబడి చెయ్యి వెయ్యాలి. అందుకని రేవులో ఆడవాళ్ళ మధ్య ఒక కట్టుబాటు ఉండేది. తట్ట కింద పెట్టుకుని నిలబడ్డ ఆడదాన్ని దాటుకుని ఎవరూ పోకూడదు. ఎంత తొందరున్నా, పొద్దున్నే ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకుని ఉన్నా సరే, ఆగి, చెయ్యేసి, తట్ట నెత్తికెక్కించి అప్పుడు కదలాలి. కావలిస్తే ఆ తర్వాత మళ్ళీ జుట్లు పట్టుకోవచ్చు. బుల్లెమ్మ తట్టకి సీతాలు చెయ్యి, సీతాలు తట్టకి బుల్లెమ్మ చెయ్యి. అలా ఇరవై రెండేళ్ళు గడిచాక సీతాలు కొడుకు సూరయ్యకి హట్‌బేలో పని దొరికింది, తల్లిని తీసుకుపోయాడు. అప్పట్నుంచి ఏడాదికోసారి బుల్లెమ్మ ఓడెక్కి వెళ్ళి నాలుగు రోజులుండి వస్తుంది.

పోయిన ఫిబ్రవరిలో కూడా వెళ్ళింది. సూరయ్యా, వాడి పెళ్ళామూ పనులకి పోయారు. ఇద్దరు ముసలమ్మలూ పెరట్లో నేల మీద కూర్చుని చీపుళ్ళకి కొబ్బరీనెలు తీస్తూ, ఊళ్ళో బతికున్న వాళ్ళనీ పోయిన వాళ్ళనీ వదలకుండా ఆడిపోసుకున్నారు. మధ్యాహ్నమైంది. సీతాలు లేవబోయింది. లేవలేకపోయింది.

"సెయ్యియ్యే" అంది.

బుల్లెమ్మ చెయ్యిచ్చి లాగింది. సీతాలు లేవడం మాట దేవుడెరుగు, బుల్లెమ్మ మోకాళ్ళే ముందు లొంగిపోయి పక్కనే చతికిలబడింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. మళ్ళీ లాగింది, మళ్ళీ పడింది, మళ్ళీ నవ్వారు. మూడోసారికి నవ్వు రాలేదు. బుల్లెమ్మ గోడ పట్టుకుని తనైతే లేచింది గానీ సీతాల్ని మాత్రం జానెడు ఎత్తు కూడా లేపలేకపోయింది. కేకేస్తే పలికే దూరంలో ఎవరూ లేరు. ఎండ మీదకొచ్చింది. కోడొకటి దర్జాగా సీతాలు కాళ్ళ మీంచి నడిచిపోయింది. గంటన్నర అలా గడిచేసరికి సీతాలు కింద నేల తడిసింది. సీతాలు ఒక కొబ్బరాకు లాక్కుని ఒళ్ళో కప్పుకుంది. సూరయ్య వచ్చి లేపేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ రోజు నుంచి సూరయ్య తల్లిని నేల మీద కూర్చోనివ్వలేదు. ఒక నీలం ప్లాస్టిక్ కుర్చీ కొని తెచ్చాడు. తినడం కుర్చీలో, కూర తరగడం కుర్చీలో, వచ్చిన వాళ్ళతో మాట్లాడడం కుర్చీలో. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేల మీదే కూర్చుని బతికిన మనిషి. "నేల మీద కూకోడం మర్సిపోనానే బుల్లీ" అంది ఫోన్లో. నవ్వుతూనే అంది.

ఆ మాట బుల్లెమ్మని పట్టుకుంది. అన్నం కలుపుతుంటే గుర్తొచ్చేది, మంచినీళ్ళు వచ్చే రోజు డ్రమ్ములు నింపుతుంటే గుర్తొచ్చేది. తట్ట కిందుంటే దాటుకుని వచ్చేశాను కదా అనుకునేది. అనుకుంటే కళ్ళమ్మట నీళ్ళు తిరిగేవి. దానికి తోడు బాబ్జీ ఇంకొకటి తగిలించాడు. తిరుగు ప్రయాణంలో ఓడ మెట్ల మధ్యలో తల్లి ఆగిపోతే ఖలాసీ ఒకడు చంకల కింద చేతులేసి పైకి లాగాడని మే నెలాఖరులో ఎవరి ద్వారానో విన్నాడు. "ఇంక నువ్వు ఒంటరిగా ఓడెక్కేది లేదమ్మా. అయిపోయింది" అన్నాడు. తోడు వెళ్ళడానికి వాడికి తీరిక లేదు, కోడలికి ఓడ పడదు. అంటే సీతాల్ని ఇంక చూసేది లేదని అర్థం. బుల్లెమ్మ ఆ రోజు కొడుకుతో వాదించలేదు. మర్నాడు ఆటో ఎక్కి షాదీపూర్ వెళ్ళింది.

అక్కడ టైల్సు కొట్టు మేడ మీద జిమ్ము ఉంది. నడిపేది జితేంద్ర. ఆస్టినాబాద్ కుర్రాడు, వాడి తాతలది శ్రీకాకుళం వైపు. తెలుగు మాట్లాడతాడు గానీ నాలుగు మాటలకి రెండు హిందీ. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా ఆడవాళ్ళకి.

"పెద్దమ్మా, ఎవర్ని జాయిన్ చెయ్యాలి? మనవరాలినా?" అన్నాడు.

"నన్నే. మీ యమ్మ నా దగ్గిర సేపలు కొనేది. బేరమాడేది. పేరు రాసుకో."

మొదటి రోజు జరిగింది జితేంద్ర ఇప్పటికీ అందరికీ చెప్పి నవ్విస్తాడు. కింద ఒక కడ్డీ పెట్టాడు. "ఎత్తండి" అన్నాడు. బుల్లెమ్మ కడ్డీకి ఇటు నిలబడి ఎదురుచూసింది. జితేంద్ర అటు నిలబడి ఎదురుచూశాడు. కొంతసేపయ్యాక ఆవిడకి చిరాకేసింది.

"రా మరి. సెయ్యెయ్యి" అంది.

"నేనెందుకు పెద్దమ్మా? మీరే అకేలా ఎత్తాలి."

"ఒక్కదాన్నీ ఎలగెత్తుతారయ్యా బరువు? నీకెవులూ సెప్పలేదేటి?"

అంతటితో ఊరుకోలేదు. పక్కన బ్యాంకులో పనిచేసే పద్మిని అనే అమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని తన కడ్డీ మీదకి వంగింది. బుల్లెమ్మ ఊరుకుంటుందా? పరుగున వెళ్ళి రెండో కొస పట్టుకుని, "ఊఁ, లెగు!" అంటూ ఎత్తేసింది. పద్మిని గావుకేక పెట్టింది. జితేంద్ర పరుగెత్తుకొచ్చాడు. ఆ వారమంతా అదే వరస. ఎవరు బరువు ముందు వంగినా బుల్లెమ్మ చెయ్యి తనంతట తానే వెళ్ళిపోయేది. చివరికి జితేంద్ర ఆవిడని గోడ వైపు తిప్పి నిలబెట్టాడు. స్కూల్లో అల్లరి పిల్లని నిలబెట్టినట్టు!

తర్వాత తిండి మాట వచ్చింది.

"రోజుకి ఆరు గుడ్లు తినాలి" అన్నాడు జితేంద్ర.

"గుడ్డు తినను."

"చికెన్?"

"తినను."

"మచ్చీ? మీది ఫిష్ బిజినెస్ కదా!"

"కోసేదాన్ని. తినను."

"చలో, పొడి ఉంది. పాల నుంచి తీస్తారు..."

"దూడకియ్యి."

జితేంద్ర తల గోక్కున్నాడు. "అరే, ఆప్ తో వీగన్ హై!" అన్నాడు. బుల్లెమ్మకి తను చేసిన పనికి ఒక పేరుందని అప్పుడే తెలిసింది. పేరు పెట్టారు కాబట్టి మందు కూడా ఉండాలి కదా అంది. వాడు ఫోన్లో అటూ ఇటూ వెతికి, పప్పులు, వేరుశనగలు, సోయా ముద్దలు, సత్తుపిండి అని ఒక జాబితా చెప్పాడు. సత్తు అంటే వేయించిన శనగల పిండే, పక్కవీధి రాంచీ వాళ్ళు పొద్దున్నే నీళ్ళలో కలుపుకుని తాగుతారు. బుల్లెమ్మ కూడా ఉప్పూ, నిమ్మకాయా పిండుకుని తాగడం మొదలుపెట్టింది. బాగానే ఉంది.

కడ్డీ పక్కన పెట్టి, జూన్ వానల్లో ఎనిమిది కిలోల గుండుతో మొదలుపెట్టింది. నడుము కాదు, తుంటి వంచాలి. వీపు తిన్నగా ఉండాలి. కాళ్ళతో నేలని తొయ్యాలి. వారానికి మూడు రోజులు, చీర గోచీ పోసి కట్టుకుని, నోట్లో ఏదో గొణుక్కుంటూ ఎత్తేది. ఆగస్టుకి ఖాళీ కడ్డీ, అంటే ఇరవై కిలోలు. సెప్టెంబరు వచ్చేసరికి ముప్పై. ఇంట్లో నీళ్ళ రోజున రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని గుమ్మం దాటి పోతుంటే రాజకుమారి నోరు వెళ్ళబెట్టి చూసింది.

"మీకు టార్గెట్ ఏమైనా ఉందా పెద్దమ్మా?" అన్నాడు ఒకరోజు జితేంద్ర.

"రేపు సెప్తాను" అని ఇంటికొచ్చి హట్‌బేకి ఫోన్ చేసింది.

"ఒలే సీతాలూ, నీ బరువెంతే?"

"సిగ్గులేదేటే? ఆడదాన్ని పట్టుకుని అడిగీ మాటేనా అది?"

"సెప్పవే."

"నాకేటి తెలుసు! నన్నెవులు తూసినారు?"

సీతాలు తిట్టింది గానీ ఊరుకోలేదు. మర్నాడే సూరయ్యని సతాయించి రేషను కొట్టుకి వెళ్ళి, బియ్యం బస్తాలు తూచే కాటా మీద నిలబడింది. యాభై రెండు వచ్చింది. బుల్లెమ్మ ఆ అంకె తెచ్చి జితేంద్ర ముందు పెట్టింది. నెల తిరక్కుండా మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి యాభై నాలుగట.

"ఏటే అది! నాను నానా సావూ సచ్చి ఒక్కో కిలో పెంచుకుంటంటే నువ్వు రెండేసి పెంచేత్తున్నావా?"

"కుర్సీలో కూకోబెట్టి తినమంటన్నారు. తింటన్నాను. నీకేటి నొప్పి?" అంది సీతాలు. తర్వాత, "ఎందుకే, నా బరువు?" అంది నెమ్మదిగా.

"ఎందుకో నీకు తెల్దేటి?"

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

జితేంద్రకి ఈ లెక్క అర్థం కాలేదు. "యాభై పెట్టుకుందాం పెద్దమ్మా, రౌండ్ ఫిగర్" అన్నాడు.

"యాభై ఎత్తితే మిగతా నాలుగు కిలోలూ నేల మీదే ఉండిపోతాయి."

"క్యా?"

"యాభై నాలుగు."

"ఈ ఇనప బిళ్ళలతో యాభై నాలుగు రాదు. యాభై అయిదు వస్తుంది."

బుల్లెమ్మ ఆలోచించింది. "సరే. సీరకో కిలో" అంది. వాడు అప్పటికి అర్థం చేసుకోవడం మానేశాడు.

నవంబరులో వచ్చి పడింది కష్టం. నలభై అయిదు దగ్గర కడ్డీ మొండికేసింది. తుపాను పట్టి, మెయిన్‌లాండ్ నుంచి కూరల ఓడ రాలేదు. ఇంట్లో గుమ్మడికాయ, బచ్చలి తప్ప మరేం లేదు. మూడు వారాలు అదే నలభై అయిదు. నాలుగో వారం అదీ లేవలేదు. బుల్లెమ్మ ఇంటికొచ్చి మోకాళ్ళకి నూనె రాసుకుంటూ గోడకి చేరగిలబడేది. జనవరిలో ఓడకి టిక్కెట్టు తియ్యమని బాబ్జీని అడగాలి. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

ఇది చూసి రాజకుమారికి గుండె నీరైపోయింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు అంటున్న మాటలు ఒకపక్క, అత్త ఆ ఇనుము కింద పడి ఏమైపోతుందోనన్న భయం ఒకపక్క. నీచు తినని ఒంట్లో బలం ఎక్కడ్నుంచి వస్తుంది? వాళ్ళింట్లో అందరికీ తెలిసిన మందు ఒక్కటే. ఎండునెత్తళ్ళు కొని తెచ్చింది. బాగా వేయించి, మెత్తగా పొడి కొట్టి, సత్తుపిండి డబ్బాలో కలిపేసింది. ఎవరికి పెడుతున్నానన్న ఆలోచన లేకపోయింది ఆ పిచ్చి తల్లికి. జంగ్లీఘాట్ మొత్తానికి ఎండుచేపల విషయంలో పేరున్న ముక్కు ఒకటే, అది బుల్లెమ్మది!

పొద్దున్న గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగింది.

"రాజకుమారీ."

"ఏంటత్తా?"

"నెత్తళ్ళు."

గరిటె చప్పుడు ఆగిపోయింది.

"వానాకాలంలో ఎండబెట్టినవి. సరిగ్గా ఎండలేదు. ఉప్పు కూడా తక్కువేశాడు. గవరయ్య దగ్గిర కొన్నావు కదా? వాడు తడి సరుకే అమ్ముతాడు, నీకెన్నిసార్లు సెప్పాను?"

బుల్లెమ్మ గ్లాసు కింద పెట్టింది. అప్పటిదాకా వ్యాపారం మాట్లాడిన మనిషి గొంతు మారిపోయింది.

"నా నోట్లోకి ఏది ఎల్లాలో సెప్పుకునే అక్కు కూడా నాకు లేదేటే ఈ ఇంట్లో? అడిగితే తిట్టేదాన్ని, అంతే కదా. సాటుగా పెడతావా?"

"తప్పే అత్తా" అని రాజకుమారి అక్కడే కూలబడి ఏడ్చేసింది. "అందరూ కోడలు పస్తులు పెడతందంటన్నారు. నువ్వేమో రోజురోజుకీ డీలా పడిపోతన్నావు. ఎందుకత్తా నీకీ బరువులు? ఎవరి కోసం ఈ చావు?"

బుల్లెమ్మకి కోపం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. హట్‌బే పెరడు చెప్పింది. కోడి చెప్పింది. కొబ్బరాకు చెప్పింది, అది చెప్పేటప్పుడు మాత్రం కోడలి మొహం చూడలేదు. అంతా విన్నాక రాజకుమారి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. డబ్బాలో పొడి తీసుకెళ్ళి వీధి పిల్లులకి పోసేసింది. మళ్ళీ తోమి ఎండబెట్టిన డబ్బాలో కొత్త సత్తుపిండి పోసింది.

"ఆ కుర్రాడు ఏమేం తినమన్నాడో సరిగ్గా చెప్పు" అంది.

అప్పట్నుంచి చూడాలి ఆ వంట! కొబ్బరిపాలు పోసి సోయా ముద్దల పులుసు, వేరుశనగల పచ్చడి, శనగల గుగ్గిళ్ళు, కందిపప్పులో బచ్చలి. మానడం ఒకటే నేర్చుకుంది గానీ తినడం నేర్చుకోలేదని బుల్లెమ్మకి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుని ఇనుముని తిట్టింది. డిసెంబరు రెండో వారంలో నలభై అయిదు లేచింది. నెలాఖరుకి యాభై.

జనవరి మొదట్లో ఒకరోజు రాజకుమారి మొగుడికి ఏం చెప్పిందో ఏమో, బాబ్జీ ఐసు బండి వదిలేసి షాదీపూర్ వచ్చాడు. మెట్ల దగ్గర నిలబడి తొంగిచూశాడు. పద్మిని చెవుల్లో పాటలు తీసేసి చూస్తోంది. జితేంద్ర గోళ్ళు కొరుక్కుంటున్నాడు. బుల్లెమ్మ గోచీ బిగించి, కడ్డీ మీదకి వంగి, ఊపిరి బిగబట్టింది. లేవలేదు. మళ్ళీ వదిలి, చేతులు చీరకి తుడుచుకుని, నోట్లో ఏదో గొణిగి మళ్ళీ పట్టింది. ఈసారి కడ్డీ నేల విడిచింది, మోకాళ్ళు దాటింది, నిలబడింది. యాభై అయిదు.

జితేంద్ర ఈలేశాడు. బాబ్జీ లోపలికొచ్చాడు. ఐసు దిమ్మలు ఎత్తలేక పనివాళ్ళు నడుములు పట్టుకునే రోజులు వాడికి గుర్తొచ్చాయి కాబోలు.

"ఏ రోజుకి తియ్యమంటావమ్మా టిక్కెట్టు?" అన్నాడు.

"వచ్చే గురువారం. అయిదుసార్లెత్తాక ఎల్తాను. ఈ మాస్టరు ఒక్కసారి ఎత్తితే ఒప్పుకోడు" అంది రొప్పుతూ.

గురువారం పొద్దున్న ఓడ మెట్ల కింద ఖలాసీ ఒకడు, "మాజీ, బ్యాగ్ దీజియే" అని చెయ్యి చాపాడు. "ఒద్దు భయ్యా, నీ పని నువ్వు సూసుకో" అని బుల్లెమ్మ సంచీ తనే పట్టుకుని, ఒక్కో మెట్టూ నేలని తోసినట్టు తోసి, పైకెక్కింది. కింద జెట్టీ మీద బాబ్జీ ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాడు. పైనుంచి ఆవిడ చూసేసింది.

హట్‌బేలో సూరయ్య ఆటోతో వచ్చాడు. ఇంటి గేటు తీసిన వాడు తీసినట్టే కొయ్యబారిపోయాడు. పెరట్లో నీలం కుర్చీ ఖాళీగా ఉంది. సీతాలు గోనెసంచీ పరుచుకుని నేల మీద కూర్చుంది. పక్కన రెండు కంచాలు, మూత పెట్టిన గిన్నెలు. మొహం నిండా నవ్వు.

"అమ్మా! నిన్నెవరు దింపారు?"

"ఎవులూ దింపలేదు. నానే జారేను. ఎక్కించీది వస్తంది కదా!"

"ఏటే, నానొచ్చేదాకా ఆగలేకపోనావేటే?" అంది బుల్లెమ్మ.

"ఏడాది ఆగేను. కూకో, తిను. పనసగింజల పులుసు. ఎండ్రొయ్యలెయ్యలేదు, ఒట్టు."

నేల మీద కూర్చుని తిన్నారు. పులుసు బాగుందో లేదో బుల్లెమ్మకి తెలియలేదు. ఆవిడ కళ్ళన్నీ సీతాలు మోకాళ్ళ మీదే. కాటా మీద యాభై నాలుగు, దానికి ఇప్పుడు పులుసు కూడా చేరింది. సూరయ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు, వెళ్ళమంటే వెళ్ళడు.

తినడం అయింది. చేతులు కడుక్కున్నారు. బుల్లెమ్మ గోచీ పోసుకుంది. వంగి, సీతాలు చంకల కింద చేతులేసి, వీపు తిన్నగా పెట్టి, ఎత్తింది. జానెడు లేచింది సీతాలు, కితకితలు పుట్టి నవ్వింది, చీర జారింది, మళ్ళీ దబ్బున కూలబడింది. కడ్డీ నవ్వదు. కడ్డీకి చీర ఉండదు. ఈ సంగతి షాదీపూర్‌లో ఎవరూ చెప్పలేదు.

సూరయ్య ఒక అడుగు ముందుకేశాడు. "ఆగరా" అంది బుల్లెమ్మ. ఎనిమిది నెలలు. ఇప్పుడు కూడా లేవకపోతే తను మళ్ళీ దీన్ని కుర్చీలో పెట్టి ఓడెక్కి పోవాలి. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఒలే బుల్లీ" అంది కిందనుంచి సీతాలు. నవ్వు ఆపేసింది. "నువ్వొక్కదానివే ఎత్తేద్దామనేటి? ఏ రోజైనా అలగెత్తేవా నువ్వు? ఎదరకి రా. తట్టెత్తినట్టెత్తు."

బుల్లెమ్మ ముందుకొచ్చి ఎదురుగా నిలబడింది. సీతాలు కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పాదాలు నేలకి గట్టిగా ఆనించి, బుల్లెమ్మ ముంజేతులు పట్టుకుంది. బుల్లెమ్మ ఆమె ముంజేతులు పట్టుకుంది. రేవులో ఇరవై రెండేళ్ళు అన్న మాటే ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"అందుకో... లెగు!"

సీతాలు లేచింది. మోకాళ్ళు పట్టుతప్పాయి, మధ్యలో ఒక్క క్షణం ఇద్దరూ ఎటూ కాకుండా ఆగిపోయారు, బుల్లెమ్మ కాళ్ళతో నేలని తోసింది, సీతాలు కూడా తోసింది. ఇద్దరూ నిలబడ్డారు. ఒకరినొకరు వదల్లేదు. ఈసారి ఒకరి మొహం ఒకరు బాగానే చూసుకున్నారు, చూసుకుని ఇద్దరూ భోరుమన్నారు, అందులోనే నవ్వారు.

"సగం నువ్వే లేసేవే" అంది బుల్లెమ్మ.

"సూసేను. ఇన్నాళ్ళూ కుర్సీలో కూకోబెట్టి నా కాళ్ళు సచ్చిపోనాయనుకున్నాను" అంది సీతాలు. కొంగుతో మొహం తుడుచుకుని పెరడంతా ఒకసారి చూసింది. నీలం కుర్చీని చూసింది. తర్వాత బుల్లెమ్మ చేతులు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"దింపు" అంది.

"ఏటీ?"

"మళ్ళీ కూకుంటానే. నేల మీద."

సూరయ్య, "అమ్మా, ఒద్దు" అన్నాడు. బుల్లెమ్మ గోచీ బిగించుకుంది.

"నువ్వూరుకోరా. నా మాస్టరు నా సేత అయిదేసిసార్లెత్తించాడు. ఇంకా నాలుగున్నాయి" అంది. "కూకోవే."